ఎంగిలి

ఊర్మిళకు ఎంగిలంటే పుట్టు రోత. బన్సీలాల్‌పేటలో నాలుగు కుటుంబాలకూ ఒకే నల్లా ఉన్న ఇంట్లో పెరిగినా, ఇంకొకరు నోరు పెట్టిన గ్లాసు ముట్టేది కాదు. పెళ్లిచూపులకొచ్చిన విజయేందర్ చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని నీళ్లు తాగాడు. అది చూసి, ఇంకేమీ అడక్కుండానే తలూపింది.

చాలా ఏళ్లు అలా తలూపడం తప్పనిపించలేదు. అతను స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేసేవాడు. ఆమె కార్ఖానా ఏరియాలో చిన్న దుకాణం పెట్టుకుని జాకెట్లు కుట్టేది.

యాభై దాటాక అతను మారిపోయాడు. దుకాణానికొచ్చే గిరాకీలను బూతులు తిట్టి నౌకరి పోగొట్టుకున్నాడు. ఇంట్లో గోడ మీదే ఉమ్మేవాడు. పప్పు గిన్నెలో వేళ్లు ముంచి నాకి, మళ్లీ ముంచేవాడు. కావాలని తనను సతాయిస్తున్నాడనుకుంది ఊర్మిళ. తిట్టింది, ఏడ్చింది, మాట్లాడటం మానేసింది. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు.

యాప్రాల్‌లో చెల్లెలు రజిత కొత్తింటి దావత్ ఇచ్చింది. విజయేందర్ పక్కన ఎవరో ముసలాయన మటన్‌లోని నల్లి బొక్కను మూలుగ కోసం పీల్చి పీల్చి విస్తరి అంచున పడేశాడు. విజయేందర్ చటుక్కున దాన్ని అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. జుర్రుమన్న చప్పుడుకు బంతి మొత్తం తిరిగి చూసింది. గడ్డం మీదుగా రసం కారుతోంది.

ఊర్మిళ వెళ్లి చెంప మీద కొట్టింది.

"సిగ్గు లేదా నీకు? గిట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

అతను బొక్క వదల్లేదు. సిగ్గుపడలేదు, కోపగించలేదు. ఆమెను చూస్తూనే చప్పరించాడు. ఆ చూపుకే ఆమె పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది.

"అక్కా, బావ కావాలని చేస్తలేడు. ఏదో అయింది. పెద్ద డాక్టర్‌కు చూపిద్దాం," అంది రజిత.

దావత్‌లో జరిగింది విని, స్కానింగ్ చూసి డాక్టరు తన నుదుటి మీద వేలు పెట్టి చూపించాడు.

"బొక్క చూస్తే నోరూరుడు అందరికి ఉంటదమ్మా. 'ఛీ, ఎంగిలి' అని చెయ్యిని ఆపేది మెదడులో ఈ ముందు భాగం. ఆయనకు అది ఎండిపోతున్నది."

"మందు లేదా సార్?"

"నయం చేసే మందు లేదు. మీరే జెర జాగ్రత్తగ చూసుకోవాలె."

ఆమె కోపం ఆ గదిలోనే పోయింది. రోత మాత్రం పోలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుంటే, అతను సగం నమిలిన ముద్దను నోట్లోంచి తీసి ఆమె పెదవుల దగ్గర పెట్టాడు. జబ్బని తెలుసు. తెలిసినా మెడ దానంతటదే వెనక్కి విరుచుకుంది, గొంతులోకి పుల్లటి నీళ్లొచ్చాయి. ఆలోచన అందుకునేలోపే అతని చేతిని తోసేసింది.

"తప్పు ఆయనది కాదని తెల్సినంక సుత నాకెందుకే గింత అసహ్యం?" అని ఫోన్లో రజితను అడిగింది.

"మనసుకు తెల్సిందక్కా, ఒంటికి తెల్వద్దా?" అంది రజిత.

ఊర్మిళ వంటగదికి తాళం పెట్టించింది. చెత్తబుట్టకు బిగుతు మూత కొంది. అతనికి ముందే తినిపించి, తన బువ్వ దుకాణానికి తెచ్చుకుని, గోడవైపు తిరిగి తింటుంది. రోజూ ముక్కుకు కొంగు బిగించి అతని మూతి, చొక్కా, మంచం కడుగుతుంది.

జాకెట్టు కోసం వచ్చిన ఒకామె మొన్న మెచ్చుకోబోయింది: "నువ్వు దేవతవు ఊర్మిళా. ప్రేమ ఉంటెనే గిట్ల చేస్తరు."

ఆ మాట కూడా ఎవరో నమిలిచ్చిన ముద్దలాగే తగిలింది.

"దేవత లేదు, ఏం లేదమ్మా," అంది కత్తెర తీసుకుంటూ. "వాంతికొస్తది. అయినా కడుగుత. అంతే."