మా అత్తగారి గ్యాంగ్‌స్టర్ ఇంగ్లీషు

గత ఆదివారం మా అత్తగారు ఇక్కడే, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో కన్నుమూశారు. చాలా ఏడ్చాను. ఏడుస్తూనే ఆవిడ గెలిచిన రోజు గుర్తొచ్చి నవ్వాను కూడా. ఆ నవ్వు మీతో పంచుకుందామనే ఇది రాస్తున్నాను.

ఈ దేశంలో ఓటు వేయాలని ఆవిడ పట్టుదల. "పన్నెండేళ్ళయింది అమ్మాయ్, ఇంకెన్నాళ్ళు చుట్టపుచూపుగా ఉండమంటావు?" అనేవారు. సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాం. ప్రశ్నలన్నీ బట్టీపట్టి ఇంటర్వ్యూకి వెళ్ళారు. తీరా అక్కడ ఆవిడ మర్యాదే కొంప ముంచింది. ఎవరు మాట్లాడినా ఊఁ కొడుతూ వినడం ఆవిడకి అలవాటు. ఎప్పుడైనా స్మగ్లింగ్ చేశారా అని ఆఫీసర్ అడిగితే తలూపి ఊఁ అన్నారట. జూదం ఆడారా? ఊఁ. ఏదైనా గ్యాంగ్‌లో ఉన్నారా? దానికీ ఊఁ. ఈవిడకి ఇంగ్లీషు అర్థం కావట్లేదని తెలిసి, పాపం ఆయన పెన్ను కింద పెట్టి, ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. అదీ తప్పితే మళ్ళీ మొదటినుంచీ అప్లై చేయాల్సిందే.

ఆ వారమే లైబ్రరీ నుంచి నేనొక పాత డీవీడీ తెచ్చాను. సినిమాలకి మాటలొచ్చిన కొత్తల్లో షికాగో గ్యాంగ్‌స్టర్ల మీద తీసిన సినిమా. పది నిమిషాలకే నాకు నిద్రొచ్చింది. ఆవిడ మాత్రం కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నారు. అందులో నటులు మైకుకి ఎక్కడ వినపడదోనని ఒక్కో మాటా విడదీసి గట్టిగా పలుకుతున్నారు.

"సినిమాకీ మాటలు కొత్తే, నాకూ కొత్తే. వాడు దొంగవెధవే గానీ మాట మింగడు," అన్నారు మురిసిపోతూ.

ఇక చూడండి నా అవస్థ. నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉంటే సినిమా ఆపి మరీ వచ్చి, వారెంట్ అంటే ఏంటని అడిగేవారు. ఆ గ్యాంగ్‌స్టర్ ప్రతి మాట చివరా, మనం 'తెలిసిందా' అన్నట్టు, 'సీ' అని తగిలిస్తాడు. ఈవిడా నేర్చేసుకున్నారు. పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే, "యా, సీ?" అనేవారు. మా ఆయన నవ్వితే కసిరాను. ఆవిడకి ఇంగ్లీషంటే భయం పోతోందని నాకు తెలుస్తూనే ఉంది.

రెండో ఇంటర్వ్యూ రోజు బయట కుర్చీలో కూర్చుని నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అరగంటకి ఆఫీసరే ఆవిడని వెంటబెట్టుకుని బయటికొచ్చాడు. పాసయ్యారని చెప్పాడు. జూదానికీ, స్మగ్లింగ్‌కీ, గ్యాంగ్‌కీ ఒక్కటే జవాబట: "నెవర్, సీ?" ఇలాంటి ఇంగ్లీషు తానెన్నడూ వినలేదనీ, ఎక్కడ నేర్చుకున్నారనీ నా ముందే ఆవిడని అడిగాడు.

ఆవిడ చీర మీద కోటు సర్దుకుని, ఆయన కళ్ళలోకి చూశారు.

"హియర్. షికాగో."

హాల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూస్తుండగా, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, నా కోసం ఆగకుండా, భుజంతో తలుపు తోసుకుని ఎండలోకి నడిచి వెళ్ళిపోయారు.