యాదమ్మ దిగలేదు

ప్రభుత్వం అందరికీ నెలనెలా ఊరికే డబ్బిస్తే ఎవరూ పని చేయరని ఒక చర్చలో వాదించడానికి రాజమండ్రి నుంచి నల్గొండ బయలుదేరాను. కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఆ విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

సూర్యాపేటలో పల్లెవెలుగు బస్సు ఎక్కాను. కేతేపల్లిలో పత్తి ఏరే ఆడవాళ్లు పదిమంది ఎక్కి, ఆధార్ చూపించి జీరో టికెట్లు తీసుకున్నారు. తెలంగాణ ఆడవాళ్లకు బస్సు ఉచితం. నాది ఆంధ్రా కార్డు కదా, ఆడవాళ్లలో డబ్బిచ్చింది నేనొక్కదాన్నే!

వాళ్లలో యాదమ్మ అనే ఆమె నా పక్కన కూర్చుంటే అడిగాను, "మీ ఊళ్లో పత్తి లేదా?"

"మస్తుగున్నదమ్మా. కని కూలి తక్కువిస్తరు. ఇంతకుముందు బయటికి పోతే కూలంత బస్సు కిరాయికే పోతుండె. గిప్పుడు ఫిరీ గద, ఏడ ఎక్కువిస్తే ఆడికే పోతున్నం."

బస్సు ఇంకా కదలలేదు. తెల్ల చొక్కా రైతు ఒకాయన రొప్పుతూ కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"యాదమ్మక్కా! జర దిగుండ్రి. ఆళ్లిచ్చే కూలే నేనిస్త!"

కూలికొచ్చే మనిషిని రైతు అక్కా అని బతిమాలడం మా వైపు నేనెన్నడూ చూడలేదు. యాదమ్మ సీట్లోంచి కదలనైనా కదలలేదు.

"ఇయ్యాల వేరేటోళ్లకు మాటిచ్చినం పటేలా. రేపు జూద్దం."

బస్సంతా గొల్లున నవ్వింది. ఉచిత బస్సు ఆమెను పని మాన్పించలేదు, 'కాదు' అనే ధైర్యమిచ్చింది!

నల్గొండలో దిగీ దిగగానే చర్చ పెట్టినవాళ్లకు ఫోన్ చేశాను.

"అవతలి పక్షంలో నాకో కుర్చీ దొరుకుతుందా?"