జానెడు ఎత్తు

మిర్యాలగూడలో ఆ వార్డు వాళ్లకు కౌన్సిలర్‌తో పనిపడితే జమ్లీ ఇంటికి వెళ్లేవాళ్లు కాదు. నల్లా నీళ్లు వచ్చే వేళకు ఏ సందులో నిలబడినా ఆమే ఎదురొచ్చేది. కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతుందని భర్త సోమ్లా నవ్వేవాడు. బలపం సంగతేమో గానీ ఆ కాళ్లకు చెప్పులు మాత్రం ఉండేవి కావు. అది మొక్కు కాదు, అలవాటు. పాలకీడు పక్క తండాలో పుట్టి, పెళ్లయి వచ్చాక పద్దెనిమిదేళ్లు ఆమె ఒక రైస్‌మిల్లులో ఉడికిన వడ్లు ఆరబెట్టింది. సిమెంటు కల్లం మీద పరిచిన వడ్లలో నడుస్తూ కాళ్లతోనే తిరగేయాలి. ఏ మూల వడ్లు ఇంకా పచ్చిగా ఉన్నాయో, నేల ఎటు వాలి ఉందో అరికాలికే తెలిసిపోయేది. ఐదో తరగతితో ఆగిన మనిషికి మున్సిపాలిటీలో ఏం తెలుస్తుందని ఎగతాళి చేసినవాళ్లు ఈ చదువును లెక్కలో వేసుకోలేదు.

వార్డు గిరిజన మహిళకు రిజర్వయినప్పుడు జమ్లీ పేరు ఎత్తింది లింగమ్మ. ఆ వార్డులోనే ఒక సందు చివర పెంకుటింట్లో ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ల ముసలామె. మిల్లులో జమ్లీకి పని నేర్పింది ఆమే. ఎవరు అడిగినా అడగకపోయినా గడప గడపకూ తిరిగి, నా బిడ్డను గెలిపించమని చెప్పింది. జమ్లీ గెలిచింది. పింఛన్ల కాగితాలు, దవాఖానలో చీటీలు, కాలువల్లో పూడిక, ఏ పని చెప్పినా కాదనలేదు. ఇంట్లో పొయ్యి మాత్రం సోమ్లాయే వెలిగించుకునేవాడు.

గెలిచిన రెండో ఏడు లింగమ్మ ఉండే సందుకు సీసీ రోడ్డు వచ్చింది. కోదాడ నుంచి వచ్చిన కాంట్రాక్టర్ వంశీధర్ పాత రోడ్డు పగలగొట్టి కొత్తది వేద్దామా అని అడిగాడు. జమ్లీయే వద్దంది. దాని మీదే ఇంకో జానెడు ఎత్తు పొయ్యమంది. రోడ్డు ఎంత ఎత్తుంటే పని అంత గట్టిగా జరిగినట్టని సందంతా లెక్క. బురద పోయింది, శిలాఫలకం మీద కౌన్సిలర్ పేరు పడింది. రోజూ పొద్దున ఆమె ఆ రోడ్డు మీద ఒకసారి అటూ ఇటూ నడిచేది. దానికి వేరే పనేమీ లేదు, ఒట్టి మురిపెం.

ఐదో ఏడు, ఎన్నికలు ఇంకో నాలుగు నెలల్లో ఉన్నాయనగా, చెత్త వేరుచేసే పద్ధతి చూసి రమ్మని కౌన్సిలర్లను బస్సెక్కించి సూర్యాపేట పంపారు. మిగతావాళ్లు ఎరువు కుప్పల ముందు ఫోటోలు దిగుతుంటే జమ్లీ పక్క సందులోకి నడిచింది. అక్కడ కూలీలు పాత సీసీ రోడ్డు పగలగొడుతున్నారు. మంచి రోడ్డును ఎందుకు పాడుచేస్తున్నారని మేస్త్రీని అడిగింది.

"పాతదాని మీదనే పోస్తే రోడ్డు లేస్తదమ్మా. ఇండ్లు గుంతల పడ్తయి," అన్నాడతను.

తిరుగు బస్సు మిర్యాలగూడలో ఆగగానే ఆమె దిగి నేరుగా లింగమ్మ ఇంటికి పోయింది. ఒకప్పుడు ఆ గుమ్మానికి రెండు మెట్లు ఎక్కాల్సి వచ్చేది. ఇప్పుడు రోడ్డు మీది నుంచి కిందికి దిగాలి. లోపల బట్టల సందూకు ఇటుకల మీద ఉంది, మంచం కోళ్ల కిందా ఇటుకలే. గోడకు మోకాలెత్తున నీటి మరక. అది పాత మరకని లింగమ్మ బుకాయించింది. ఆ గోడకు సున్నం వేసింది జమ్లీయే, రోడ్డు పడ్డ ఏడే. ఇగ దాచలేక లింగమ్మ చెప్పింది. పక్కవాళ్లంతా గడపలు ఎత్తు కట్టించుకున్నారు. ఆమెకు ఆ స్తోమత లేదు. మూడు వానాకాలాలు, వాన పడ్డప్పుడల్లా నిద్ర మానుకుని చెంబుతో నీళ్లు తోడిపోసింది.

"నాకెందుకు చెప్పలె అవ్వా?"

"నీ పేరున్న రోడ్డు బిడ్డా. నేనే వంక పెడితే మంది ఊకుంటరా?"

జమ్లీకి ఏడుపు ఆగలేదు. కల్లం వాలు చెప్పగలిగిన అరికాళ్లతోనే మూడేళ్లు ఆ రోడ్డు మీద నడిచింది. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు. మనిషికి మురిపెం ఎక్కితే కాళ్లు కూడా మొద్దుబారతాయి.

అప్పటికే ఆ సందుకు కొత్త మురుగు కాలువ మంజూరై ఉంది. ఆ పనితోపాటే రోడ్డులో లింగమ్మ ఇంటివైపు సగం పగలగొట్టి, కాలువ వైపు వాలుగా మళ్లీ పొయ్యాలని ఆమె పట్టుబట్టింది. కౌన్సిల్ సమావేశంలో లేచి, ఎత్తు పెంచమన్నది నేనే, తప్పు నాదేనని చెప్పింది. కొందరు ముక్కున వేలేసుకున్నారు. పని మళ్లీ వంశీధర్‌కే వచ్చింది. అతను మంచికే చెప్పాడు.

"మీ పేరున్న రోడ్డు మీరే పగలగొట్టిస్తే జనం ఏమనుకుంటారమ్మా? ఎలక్షన్ అయ్యాక చూద్దాం లెండి."

"ఎలక్షన్ అయినంక నేనుంటనో లేదో సారూ. అడిగే నోరు ఇప్పుడే ఉన్నది," అంది జమ్లీ.

రెండు నెలలు సందంతా దుమ్ము. బండ్లు లోపలికి రాలేదు. మా ఇండ్లకు ఏ బాధా లేదు కదా, బాగున్న రోడ్డును ఎందుకు తవ్వారని లింగమ్మ ఎదురింటి సునీత అందరి ముందూ కడిగేసింది. జమ్లీ తలవంచుకుని విన్నది. కొత్త రోడ్డు గట్టిపడ్డాక బకెట్ నీళ్లు కుమ్మరించి, చెప్పుల్లేని కాళ్లతో నడిచి చూసింది. ఒకచోట వాలు కుదరలేదని మేస్త్రీతో మళ్లీ చేయించింది.

ఎన్నికల్లో ముప్పై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ ఓట్లు ఎక్కడ పోయాయని దూరం వెళ్లి వెతకనక్కర్లేదు. ఆ సందులోనే పోయాయి. లింగమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నా మూలంగానే ఓడినవని కుమిలిపోతుంటే జమ్లీయే కలిపి తినిపించింది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం తొలి వాన దంచికొట్టింది. పదవి లేకపోయినా కాళ్లు ఊరుకుంటాయా? జమ్లీ బకెట్ పట్టుకుని తడుస్తూ సందు చివరికి పరుగెత్తింది. లింగమ్మ తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట నీళ్లు జారి కాలువలోకి పోతున్నాయి. లోపల నేల పొడిగా ఉంది. ఆ నేల మీదే చాప వేసుకుని లింగమ్మ ఆదమరిచి నిద్రపోతోంది.

జమ్లీ లేపలేదు. గడప లోపల బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. వాన తగ్గేదాకా అక్కడే ఉండి ఇంటికి పోయింది.