కాకి ముట్టని విస్తరి

తుంగభద్రకు వరద వచ్చిన ఏడు, ఒడ్డున మునిగిపోతున్న మోటరు విప్పుకొస్తానని పోయిన కురుమూర్తి మళ్లీ ఇల్లు చేరలేదు. చెప్పులు దొరికాయి, మనిషి దొరకలేదు. మానవపాడులో అందరూ అతను పోయాడనే అన్నారు. భార్య రేణుకమ్మ మాత్రం గాజులు తీయనంది. బావ చెన్నయ్య తగువు పెంచలేదు. పిట్టకు పెడదాం, కాకి ముట్టిందంటే తమ్ముడు పోయినట్టే, అప్పుడు తీద్దువులే అన్నాడు.

కాకి ముట్టలేదు.

ఆ తర్వాత ఏటా, పోయిన పెద్దలకు పెట్టే పెత్తర అమావాస్యకు మిద్దె మీద విస్తరి వేస్తూనే ఉన్నారు. అన్నం, కూర, అతనికి ఇష్టమైన గారెలు. పక్కిళ్ల మిద్దెల మీద కాకులు కొట్లాడుకునేవి. ఈ విస్తరి మీద ఈగలే వాలేవి. ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు ఊరు గొంతు తగ్గించడం నేర్చుకుంది. రేణుకమ్మ పత్తి చేను కౌలుకు చేసింది, కూతురు సుహాసినిని చదివించింది, నుదుట బొట్టు పెద్దగానే పెట్టుకుంది.

ఈసారి సుహాసిని నవ్వుతూనే అనేసింది.

"విస్తరి పక్కన నువ్వు దిష్టిబొమ్మ లెక్క నిలబడితే ఏ కాకి వస్తదే అమ్మా?"

రేణుకమ్మ విస్తరి మీది ఈగలను కొంగుతో తోలింది.

"నాకు తెల్వదా బిడ్డా? గందుకే నిలబడుతున్న."

సుహాసిని నవ్వు ఆగిపోయింది. ఒక్కసారికి పక్కకు రమ్మని, ఏదైతే అది తెలిసిపోనిమ్మని బతిమాలింది. చివరికి రేణుకమ్మ గాజులు మోచేతి దాకా తోసుకుని మెట్ల గదిలోకి వచ్చింది. ఇద్దరూ తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నారు.

పక్కింటి విస్తరి ఖాళీ అయింది. అవతలి ఇంటిదీ అయింది. కాకులు వచ్చి వీళ్ల పిట్టగోడ మీద వరసగా వాలాయి. అన్నం వైపు చూశాయి. అరవలేదు, దిగలేదు. ఎండ వాలింది. గాలికి విస్తరి అంచు లేచి పడింది.

"నాయిన బతికే ఉన్నడమ్మా," అంది సుహాసిని, తనకు తెలియకుండానే గొంతు తగ్గించి.

రేణుకమ్మ మొహం పాలిపోయింది. ఇన్నేళ్లూ ఆ నమ్మకానికి తానే కాపలా కాసింది. కాపలా లేకున్నా అది నిలబడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

"బతికుంటే ఎందుకు రాలే?"

రేణుకమ్మ లేచి వెళ్లి అన్నం ముద్ద తీసుకుంది. పిట్టగోడ మీద పెట్టి, ఇన్నేళ్లు తరిమిన గొంతుతోనే కావ్ కావ్ అని పిలిచింది. తినమంది. ఒక్క మెతుకైనా ముట్టమంది.

కాకులు ముద్ద ముట్టలేదు, ఎగిరిపోలేదు. ఒక్కొక్కటే పక్కకు జరిగి, తమతో పాటు ఎదురుచూడమన్నట్టు ఆమెకు గోడ మీద చోటిచ్చాయి.