హైమ గారి ఎర్ర పైన్లు

హైమ గారు ముప్పై రెండేళ్లు షికాగో దగ్గర ఒక ఆసుపత్రిలో పాథాలజిస్టుగా పనిచేశారు. కిటికీ లేని గది, రోజంతా మైక్రోస్కోప్ మీద వంచిన మెడ. రిటైరవగానే షామ్‌బర్గ్‌లోని ఇంటికి నాలుగున్నర గంటల దూరంలో, ఉత్తర విస్కాన్సిన్‌లో అరవై ఎకరాల అడవి కొన్నారు. భర్త రాజారావు గారు "అక్కడ మనకేం పని?" అన్నారు గానీ, మొదటి వేసవిలోనే ఒక మడత కుర్చీ తెచ్చి వాగు పక్కన వేసుకున్నారు.

అమ్మినాయన ఆ నేలను అప్పటికే రాష్ట్ర ప్రభుత్వపు అటవీ పథకంలో చేర్చి ఉన్నాడు. దానివల్ల భూమి పన్ను బాగా తగ్గుతుంది. బదులుగా, ఏ చెట్లు ఎప్పుడు కొట్టాలో రాసిన ప్రణాళికను యజమాని పాటించాలి. హైమ గారు అదంతా చదివే సంతకం పెట్టారు. అందులో రాసిన సంవత్సరం అప్పటికి చాలా దూరంలో ఉంది.

ఆ సంవత్సరం రానే వచ్చింది. ఎర్ర పైన్ తోపులో ప్రతి మూడో వరస తీసేయాలని అటవీ శాఖ నుంచి ఉత్తరం.

"మన ల్యాండ్, మన చెట్లు. కొట్టమనడానికి వాళ్లెవరండీ?"

"నువ్వు సైన్ చేశావు కదా, హైమా."

"చేశాను. ఇన్ని చెట్లు పోతాయని అప్పుడు తట్టలేదు."

"అయితే విత్‌డ్రా చేసుకుందాం. పెనాల్టీ ఏదో కట్టేస్తే పోతుంది."

ఆ మాట ఆమెకు రుచించలేదు. ఇచ్చిన మాట నుంచి డబ్బిచ్చి తప్పించుకోవడంలా అనిపించింది. ముందు ఆ ఉత్తరం రాసిన మనిషితో మాట్లాడదామని అటవీ శాఖకు ఫోన్ చేశారు.

అక్టోబర్‌లో లిండ్‌గ్రెన్ అనే నలభై ఏళ్ల ఫారెస్టర్ వచ్చింది. వాదించలేదు. హైమ గారిని తోపులోకి తీసుకెళ్లి "పైకి చూడండి" అంది. ఎక్కడో కొనన మాత్రం పచ్చని కుచ్చు. కింద కొమ్మలన్నీ ఎండిపోయి ఉన్నాయి. కాలి కింద రాలిన సూదుల్లాంటి పైన్ ఆకులు తప్ప ఒక్క మొక్క లేదు.

ఫారెస్టర్ చేత్తో తిప్పే బోలు బరమాతో ఒక మాను తొలిచి, పెన్సిల్ కన్నా సన్నటి చెక్కపుల్ల ఒకటి బయటికి లాగింది. హైమ గారు అడక్కుండానే చెయ్యి చాపి దాన్ని తీసుకున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చూశారు. ఏడాదికొకటిగా పడే గీతల్లో నడిమి దగ్గరవి దూరదూరంగా ఉన్నాయి. బెరడు వైపు వచ్చేసరికి వెంట్రుకల్లా అతుక్కుపోయాయి.

"పన్నెండేళ్లుగా ఈ ఇరుకులో దీనికి ఊపిరాడడం లేదు," అన్నారామె మెల్లగా.

"అవును," అంది ఫారెస్టర్.

"వాగు పక్కన హెమ్‌లాక్ చెట్లున్నాయి. వాటి జోలికి..."

"వాటిని ముట్టుకోకూడదనే ప్రణాళికలో ఉంది."

హైమ గారు చెట్లు కొట్టడానికి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టారు.

నేల గడ్డకట్టాక జనవరిలో మానులు కొట్టారు. ఏప్రిల్‌లో దంపతులిద్దరూ వెళ్లి చూశారు. వరసలుగా మొద్దులు, నరికేసిన కొమ్మల గుట్టలు, యంత్రాల చక్రాల జాడల్లో మంచు కరిగిన బురద. హైమ గారు కారు దిగలేదు. తెలిసి చేసిన పని ఇంత వికారంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకున్నారు. రాజారావు గారు ఫ్లాస్క్‌లోంచి కాఫీ వంపి ఇచ్చారు.

జూన్‌లో మళ్లీ వెళ్లారు. తోపులోకి ఎండ పడుతోంది. కొమ్మల మధ్య నుంచి రాస్ప్‌బెర్రీ తీగలు, అక్కడక్కడ జానెడు మేపుల్ మొక్కలు లేచాయి. చేసింది మంచిదేనని హైమ గారు పైకి అనలేదు. ఫారెస్టర్‌కి ఫోన్ చేసి, మళ్లీ ఎప్పుడు కొట్టాలి అని మాత్రం అడిగారు.

"పదేళ్లకి."

"అప్పటికి నాకు ఎనభై రెండు."

"ప్రణాళిక నేలతోనే ఉంటుందండీ. అప్పటికి యజమాని ఎవరైతే వాళ్లు పాటిస్తారు."

హైమ గారు ఫోన్ పెట్టేసి కాసేపు ఆ మొక్కల మధ్య నిలబడ్డారు. తర్వాత కూతురు స్మృతికి మెసేజ్ పెట్టారు: "వచ్చే వీకెండ్ ఖాళీ చేసుకో. హద్దులు నడిచి చూపిస్తాను. బూట్లు తెచ్చుకో."