మేడిపల్లిలో మోగిన నాచారం సైరన్

ఒక చేప కోసం ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్‌ను నిలువునా ఆపేసి, ఆ తర్వాత మేడిపల్లిలో ఫ్యాక్టరీ లేకుండానే ఫ్యాక్టరీ సైరన్ మోగించిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. పేరు తారామణి, ఊరు నాచారం. ఆ సైరన్ దెబ్బకి అంత దూరాన పోచారంలో కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలు షిఫ్టు అయిపోయిందనుకుని సంచులు సర్దుకుని బస్సెక్కేశారట. చెప్పిందెవరని అడక్కండి. ఆ బస్సులో ఎక్కినవాళ్లే.

ఆమెను చూస్తే మాత్రం నమ్మబుద్ధి కాదు. అరవై దాటిన సన్నటి మనిషి. తుమ్ము వచ్చినా కొంగులో దాచుకుంటుంది. ఉద్యోగమంతా నూలు మిల్లులో గడిచింది. ఆ మరల హోరులో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్లు పెదాలు కదిపి, వేళ్లు తిప్పి ముచ్చట్లన్నీ చెప్పుకునేవారు. ఆ అలవాటు ఆమెతోపాటు ఇంటికీ వచ్చేసింది. కూరగాయల బండిని కూడా నోరు తెరిచి పిలవదు. గేటు దగ్గర నిలబడి చూస్తుంది, అంతే. బండి దానంతటదే ఆగుతుంది.

మిల్లు మూతపడ్డ రోజు ఎవరి చేతికి అందింది వాళ్లు తీసుకున్నారు. ఒకరు ఫ్యాను, ఒకరు కుర్చీ, మరొకరు గోడ గడియారం. ఆఫీసు గదిలో గాజు పెట్టెలో ఒక బంగారు చేప మిగిలిపోయింది. అటెండరు రోజూ షిఫ్టు సైరన్ మోగగానే దానికి గింజలు వేసేవాడు. ఆ పూట సైరనూ మోగలేదు, అటెండరూ రాలేదు. తారామణి తన టిఫిన్ డబ్బా కడిగి, నీళ్లు పోసి, చేపను అందులో వేసుకుని ఇంటికి నడిచింది. అప్పటికది బొటనవేలంత ఉండేది.

ఇంటి ముందు కొద్దిపాటి తోట, అందులో నీళ్లు నిలవుంచే ఒక సిమెంటు హౌజు. కలువ తీగ నాటి, చేపను వదిలింది. ఇరవై ఏళ్లలో అది సొరకాయంత అయింది. పొట్ట వేలాడేసుకుని, ఎవరినీ లెక్కచేయకుండా తిరిగే దాని వాలకం చూసి వాడకట్టంతా దానికి సేటు అని పేరు పెట్టింది. పక్క వీధి కంపెనీలో సాయంత్రం సైరన్ మోగుతుంది. మోగగానే తారామణి ఉడికించిన బఠానీల గిన్నె పట్టుకుని బయటికొచ్చేది. మిల్లు పోయినా షిఫ్టు పోలేదు. ఆ మిల్లులో రిటైరవని ఉద్యోగి ఇక సేటు ఒక్కడే.

పోయినేడు ఆ ఇంటిని అపార్టుమెంటు కోసం బిల్డర్‌కిచ్చారు. కట్టేదాకా తారామణి రెండో అంతస్తులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండాలి. అక్కడ బట్టలారేయడానికే బాల్కనీ చాలదు. కొత్త నక్షాలో హౌజు ఉన్న చోట కార్ల పార్కింగు.

"చెరువుల వదిలెయ్యి ఆంటీ. హాయిగ బతుకుతది" అన్నాడు బిల్డర్.

"ఆ నీళ్లల్ల నువ్వు బతుకుతవా?" అని తారామణి అడిగింది. అతను కారెక్కాడు.

ఉప్పల్‌లో ఒక బిర్యానీ హోటలాయన కబురు పంపాడు. ఏసీ హాల్లో పెద్ద గాజు పెట్టె ఉందట, వచ్చినవాళ్లంతా సెల్ఫీలు దిగుతారట. తారామణి చూసి రావడానికి వెళ్లింది. పెట్టె బాగానే ఉంది. కానీ దాని పక్కనే ఆనాటి స్పెషల్ రాసిన బోర్డు ఉంది: అపోలో ఫిష్. ఇచ్చిన చాయ్ తాగకుండా లేచి వచ్చేసింది.

ట్రాలీ ఆటో నడిపే ఆమె తమ్ముడు నరేందర్ ఇదంతా చూసి నవ్వాడు. "అక్కా, నువ్వు సంబంధం సూస్తున్నవా, చాపకు ఇల్లు సూస్తున్నవా?"

"మనిషికైతే ఇంత సూడ. మనిషి నచ్చకుంటె లేసొస్తడు. ఇది లేసొస్తదా?"

అలాంటి సమయంలో మేడిపల్లి నుంచి కనకమహాలక్ష్మి ఫోన్ చేసింది. అమలాపురం నుంచి కొత్తగా హైదరాబాద్ వచ్చిన రోజుల్లో ఆమే, ఆమె భర్త గిరిప్రసాదూ తారామణి ఇంటి మేడ మీదే చాలా ఏళ్లు అద్దెకున్నారు. ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకుని గేటున్న కాలనీలో ఉంటున్నా, తారామణిని పిలిచే పిలుపు మాత్రం మారలేదు.

"ఓనరమ్మ గారూ, సేటుని మాకిచ్చేయండి. మా పిల్లలు వాడికి గింజలేస్తూనే అన్నం తినడం నేర్చుకున్నారు. మా ఇంటి ముందు కొలనుంది, నీడుంది. ఆయన రిటైరై ఊరికే కూర్చున్నారు, కాస్త కాపలా కాస్తారు."

తారామణికి మనసు కుదిరింది. నీళ్లు ఎన్నాళ్లకు మార్చాలో, ఎండ ఎక్కడ పడకూడదో, బఠానీ ఎంత మెత్తగా ఉడకాలో ఫోన్లోనే అన్నీ చెప్పింది. ఏదీ మరిచిపోలేదనే అనుకుంది.

హౌజు నీళ్లతోనే నీలం డ్రమ్ము నింపి, సేటును అందులోకి దించి, పైన తడిపిన గోనెపట్టా కప్పి, నరేందర్ ట్రాలీలో డ్రమ్మును కౌగిలించుకుని తారామణి కూర్చుంది. హబ్సిగూడ దాకా బాగానే సాగింది. ఉప్పల్ చౌరస్తాలో ఆటో ఆగింది. ఎండకు డ్రమ్ము వేడెక్కుతోంది. ఆమె కొంగు తడిపి డ్రమ్ముకు చుట్టింది.

కానిస్టేబుల్ వచ్చి కర్రతో డ్రమ్మును తట్టాడు. "ఏందమ్మా ఇందుల?"

"చాప, సార్."

"అమ్మనీకా?"

"సాదనీకి."

"ఇంత డ్రమ్ముల చాపను ఎవరు సాదుతరమ్మా" అంటూ అతను గోనెపట్టా ఎత్తాడు. సేటు తోక విదిల్చాడు. కానిస్టేబుల్ చొక్కా ఎడమ జేబు నుంచి కుడి జేబు దాకా తడిసింది. పక్కనున్న బైకులవాళ్లు హెల్మెట్లు తీశారు. వెనక బస్సులోని వాళ్లు కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు. డ్రమ్ము చుట్టూ అంత జనం మూగడం చూసి వెనకున్నవాళ్లు, ఎవరో పెద్ద నాయకుడు దిగాడనుకుని, దండకు పూలు ఎక్కడ దొరుకుతాయని వాకబు చేశారు. కానిస్టేబుల్ ముఖం తుడుచుకుని సేటును మళ్లీ ఒకసారి చూశాడు. అతనికేం తోచిందో, మూడు వైపులా చెయ్యెత్తి నిలబడి ఈల వేశాడు. చౌరస్తా అంతా బిగుసుకుపోయింది. నరేందర్ ఆటో ఒక్కటే మధ్యలోంచి పెళ్లి బరాతులా వెళ్లింది.

మేడిపల్లిలో కనకమహాలక్ష్మి ఎర్రనీళ్లతో దిష్టి తీసి మరీ సేటును లోపలికి పిలిచింది. సేటు కొలనులోకి జారి, ఒక చుట్టు తిరిగి, అడుక్కి వెళ్లి కూర్చున్నాడు. "కొత్త కదండీ, సిగ్గు" అన్నాడు గిరిప్రసాద్.

ఆ సిగ్గు వారమైనా వదల్లేదు. కనకమహాలక్ష్మి ఫోన్లో గొంతు తగ్గించి చెప్పింది. "ఓనరమ్మ గారూ, సేటు ముద్ద ముట్టట్లేదండీ. బఠానీ మీరు చెప్పినట్టే ఉడికించాను. ఇడ్లీ వేశాను, షాపు గింజలూ వేశాను. ఈయన తోడు కోసమని రెండు చిన్న చేపలు తెచ్చి వేస్తే, అవి మాత్రం సేటు వంతు కూడా తినేసి బలిశాయి. వాడు పక్కకి ఒరుగుతున్నాడండీ. మీరు తీసుకెళ్లిపోతే బతుకుతాడేమో."

ఆ మాట వింటున్నప్పుడు తారామణి పాత ఇంటి ముందే నిలబడి ఉంది. ఆమె ఎదురుగానే జేసీబీ హౌజు గోడ మీద పన్ను దించింది. కలువ వేళ్లు మట్టితో సహా లారీలో పడ్డాయి. తీసుకొద్దామన్నా తేవడానికిక చోటు లేదు.

"నేనొస్తున్న" అని ఫోన్ పెట్టేసి బస్సెక్కింది.

మధ్యాహ్నమంతా కొలను గట్టు మీద కూర్చుంది. నీళ్లలో చెయ్యి పెట్టింది. బఠానీ చిదిపి వేసింది. సేటు అడుగున ఒక పక్కకు వాలి ఉన్నాడు. ఆమె వచ్చిందని తెలిసినట్టు రెక్క కూడా కదపలేదు. అది ఆమెకు గట్టిగా తగిలింది. ఇరవై ఏళ్లు సాకిన చేతిని మరిచిపోయాడా అని.

పొద్దు వాలింది. గిన్నెలో బఠానీలు ఆరిపోతున్నాయి. తారామణి తల అప్రయత్నంగా నాచారం వైపు తిరిగింది. ఏదో రావాలి, రావడం లేదు. కాసేపు అలాగే చెవి పెట్టి కూర్చుంది. తర్వాత మెల్లగా నుదురు కొట్టుకుంది.

"లక్ష్మమ్మా, మీ దిక్కు సైరన్ రాదు కద."

"సైరన్ ఏంటండీ?"

నాచారం మనిషికి సైరన్ చప్పుడు కాదు. గాలిలాగా, ఎండలాగా అక్కడ ఉంటుంది. నీళ్ల సంగతి చెప్పినామె, నీడ సంగతి చెప్పినామె, అది చెప్పాలని తోచకపోవడం అందుకే. సేటుకు మాత్రం పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ సైరన్ మోగితేనే అన్నం వేళ. మోగకపోతే ఇంకా డ్యూటీలో ఉన్నట్టే.

గిరిప్రసాద్ వెంటనే ఫోన్లో సైరన్ అని వెతికి కొలను పక్కన పెట్టాడు. అంబులెన్సు కూత వచ్చింది. సేటు నీళ్లలో ఉన్న కలువ కుండీ వెనక్కి దూరాడు. తర్వాత పోలీసు బండిది పెట్టాడు. చిన్న చేపలు కూడా దూరాయి.

"ఆపుండ్రి సారూ. పాణం పోతది దానికి."

తారామణి నరేందర్‌కి ఫోన్ చేసింది. "ఫోన్‌ల వినిపిస్త, సైరన్ పడ్డదా?"

"ఇప్పుడే మోగి బందైంది అక్కా. మళ్ల రేపే."

సేటుకు రేపు దాకా ఓపిక ఉన్నట్టు కనిపించలేదు. ఆమె చుట్టూ చూసింది. అటు పక్క ఇంటి వరండాలో ఎవరో పేపరు చదువుతున్నారు. ఎదురింట్లో పిల్లలు ట్యూషన్లో ఉన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ. అంతా శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉన్న కాలనీ. తుమ్మును కూడా కొంగులో దాచుకునే మనిషి ఆ కొంగును తీసి నడుముకు చుట్టి బిగించింది. నీళ్ల మీదికి వంగింది.

"ఊఊఊఊ..."

మొదటిది సన్నగా, తడబడుతూ వచ్చింది. కనకమహాలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వాలో ఏడవాలో తెలియక. కుండీ వెనక సేటు రెక్క ఒకటి ఆడింది.

తారామణి అది చూసింది. గుండెల నిండా ఊపిరి పీల్చింది. మిల్లులో మరల హోరు కింద ఇన్నేళ్లూ లోపలే ఉండిపోయిన గొంతంతా రెండోసారి ఒక్కసారిగా బయటికొచ్చింది. కింద నుంచి మొదలై, పైకెక్కి, అక్కడ నిలిచి, తగ్గనన్నది. కాలనీ కుక్కలు అందుకున్నాయి. పేపరాయన పేపరు వదిలేశాడు. ట్యూషన్ పిల్లలు పుస్తకాలు మూసి వీధిలోకి ఉరికారు. సెక్యూరిటీ తన డ్యూటీ అయిపోయిందనుకుని టోపీ తీసేశాడు. బోడుప్పల్ దాకా చాయ్ బండ్లవాళ్లు రెండో గిన్నె పాలు పొయ్యి మీద పెట్టేశారని వినికిడి.

కుండీ వెనక నుంచి సేటు బయటికొచ్చాడు. ముందు నిటారుగా అయ్యాడు, తర్వాత పొట్ట ఊపుకుంటూ పైకి లేచాడు. నీటి మీద నోరు తెరిచి, ఆలస్యమైనందుకు తిడుతున్నట్టుగా రెండుసార్లు మూశాడు. తారామణి చేతిలోంచే బఠానీ అందుకున్నాడు. ఒకటి, మరొకటి, ఆ తర్వాత చిన్న చేపలను తోకతో పక్కకి తోసేసి మిగిలినవన్నీ.

వీధిలో చేరిన జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో సగం మందికి తెలియదు.

ఆమె వెళ్లేముందు కనకమహాలక్ష్మికి పాఠం చెప్పింది. "ముక్కుల నుంచి గాదు లక్ష్మమ్మ, కడుపుల నుంచి."

"మా కోనసీమ గొంతులకి ఇంత దీర్ఘం రాదండీ, ఓనరమ్మ గారూ."

"వస్తది. ఆకలైనోన్ని సూస్తె అదే వస్తది."

వచ్చింది. ఇప్పుడు రోజూ సాయంత్రం మేడిపల్లిలోని ఆ కాలనీలో సైరన్ మోగుతుంది, కాస్త కోనసీమ యాసతో. పనమ్మాయిలు దాన్ని బట్టే ఇళ్లకు బయల్దేరతారు, పెద్దవాళ్లు దాన్ని బట్టే నడకకు దిగుతారు. కనకమహాలక్ష్మికి జలుబు చేసిన నాడు గిరిప్రసాద్ ఊదుతాడు. అతను ఊదితే సేటు సగమే తింటాడట. ఆదివారాల్లో తారామణి స్వయంగా వెళుతుంది. ఆ రోజు ట్యూషన్ పిల్లలు గోడెక్కి కూర్చుంటారు. సేటు ఒళ్లు మళ్లీ నిండింది, బంగారు రంగు తిరిగొచ్చింది, ఇంకో ఇరవై ఏళ్ల సర్వీసు చేసేలా ఉన్నాడు.

ఇదంతా చదివి వినిపిస్తే తారామణి బఠానీలు ఒలుస్తూనే చివరిదాకా విన్నది. తర్వాత ఇలా అన్నది:

"ట్రాఫిక్ నేను ఆపలే. ఉప్పల్‌ల అది ముందుగాలనే ఆగి ఉండె. చాపకు ఆకలైంది, నేను ఊ అన్న, పైకొచ్చి తిన్నది. గంతే."