పుస్తకంలోని పిల్లోడు

శింగనమల దగ్గరి ఆ పల్లెలో కూలికి పోయే ఆడవాళ్లలో అక్షరం ముక్క వచ్చింది చౌడమ్మకు ఒక్కదానికే. అయిదో తరగతి చదివింది. కలుపు తీసేదానికి అక్షరాలెందుకు? ఆ చదువు ఏళ్ల తరబడి దేనికీ కొరగాలేదు.

పందొమ్మిది వందల అరవై నాలుగులో, తొలకరి ముంగారు వానలకు ముందు, పెద్ద రైతు చిన్నప్ప వసారాలో ఆడవాళ్లు విత్తనం వేరుశనగ వలుస్తున్నారు. విత్తనం కాయను దంచకూడదు, గింజ పగిలితే మొలవదు. ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి వలవాలి. పొద్దు వాలేసరికి బొటనవేళ్లు పుండ్లవుతాయి. చిన్నప్ప మహా పిసినారి. వలిచేవాళ్లు నోట్లో వేసుకునే గింజల మీదే అతని కన్నంతా. కథ వింటుంటే తినడం మరిచిపోతారని ఎవరో చెప్పారు. వెంటనే బడి అయ్యవారి ఇంటి నుంచి ఒక నవల తెప్పించి చౌడమ్మ చేతిలో పెట్టాడు. చదివినందుకు ఆమెకు కూలి మాత్రం సగమే. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది!

నవల ఒక పదహారేళ్ల పిల్లది. ఆమె మనసిచ్చిన దివాకర్ పడవ మునిగి చచ్చిపోతాడు. ఆ ఊళ్లో పడవను చూసిన వాళ్లెవరు గనుక! అయినా మూడు రోజులు చెవులప్పగించి విన్నారు. పుస్తకం చివరిదాకా ముందే తిరగేసిన చౌడమ్మకు, చావు దగ్గరికి వచ్చేకొద్దీ భయం పట్టుకుంది. అలాంటి చావు ఆమె ఎరిగిందే.

మేనత్త రామాంజినమ్మ కొడుకు తిమ్మప్ప ఆమెకు పుట్టినప్పుడే అనుకున్న బావ. అంతకు పన్నెండేళ్ల ముందు, సర్కారు ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన కరువులో, ఎండిన బావిని లోతు చేస్తుంటే ఒడ్డు విరిగి అతని మీద పడింది. శవం కోసం పరుగెత్తిన చౌడమ్మను గడపలోనే అత్త ఆపేసింది.

"తాళి పడలా గదమ్మే. నువ్వేడిస్తే మొగున్ని మింగిందంటారు. నిన్నెవురు చేసుకుంటారు? ఇంటికి పో."

మంచికే అంది. ఊరి ఆడవాళ్లంతా శవం చుట్టూ చేరి శోకాలు పెట్టారు. ఏడవాల్సిన పిల్ల గొడ్ల కొట్టంలో నోరు మూసుకుని కూర్చుంది. తర్వాత ఆమెను సోమందేపల్లె ఓబులేసుకిచ్చి చేశారు. అతని చెవిన తిమ్మప్ప పేరు పడకూడదని పెద్దలు కట్టు చేసుకున్నారు. తెలిస్తే కాపురం నిలవదని భయం. పని దొరక్క ఓబులేసు అత్తగారి ఊరికే వచ్చి ఉన్నా, ఆ కట్టు ఎవరూ తప్పలేదు. అతను మంచివాడే. మగవాళ్లు నవ్వినా లెక్కచేయక పెళ్లాన్ని నోరారా పేరు పెట్టి పిలిచేవాడు.

నాలుగో రోజు దివాకర్ చచ్చిపోయాడు. ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి, ఇంటిపక్క పిల్లవాడు పోయినట్టే శోకాలు అందుకున్నారు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చౌడమ్మ కూడా గొంతెత్తింది.

"అయ్యో నా తిమ్మప్పా, అంత మట్టి కింద ఎట్ల పండుకున్నావప్పా..."

నీళ్లలో పోయినవాడికి మట్టెక్కడిది? ఏడుపులు టక్కున ఆగాయి. వాకిట్లో కాయల మూటతో ఓబులేసు నిలబడి ఉన్నాడు.

"తిమ్మప్ప ఎవురు?" అన్నాడు.

అప్పుడు చౌడమ్మ పక్కనే కూర్చుని వలుస్తున్న రామాంజినమ్మే నోరు విప్పింది. "పుస్తకంలో పిల్లోడు నాయనా. వాని పేరే తిమ్మప్ప. చచ్చిపాయ."

మూడు రోజులుగా దివాకర్ అని విన్నవాళ్లందరూ తలలు వంచుకుని కాయలు నొక్కసాగారు. ఓబులేసు మూట దించి దాని మీదే కూర్చున్నాడు.

"సదువు చౌడమ్మా. నేనూ ఇంటా."

ఇక తప్పలేదు. దివాకర్ అని ఉన్నచోటల్లా తిమ్మప్ప అని చదివింది. తిమ్మప్పను ఒడ్డుకు తెచ్చారు. తిమ్మప్పకు నీళ్లు పోశారు. తిమ్మప్పను పాడె మీదికెత్తారు. రామాంజినమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గడపలో ఆపిన చెయ్యి ఇప్పుడు చౌడమ్మ మోకాలిని పట్టుకుని వదల్లేదు. అన్నేళ్లకు ఇద్దరూ కలిసి, కట్టుకున్నవాడి ఎదుటే, తిమ్మప్పను సాగనంపారు.

"ఆ పిల్ల ఏమాయ?" అన్నాడు ఓబులేసు.

పుస్తకంలో ఆ పిల్ల దిగులుతో మంచం పట్టి పోతుంది. చౌడమ్మకు అది చదవబుద్ధి కాలేదు.

"ఎవురికో ఇచ్చి చేసినారు."

"ఆ కట్టుకున్నోనికి తెలుసునా, ఈ తిమ్మప్ప సంగతి?"

ఆమె పేజీలోంచి తలెత్తలేదు. "పుస్తకంలో రాయల్యా."

"రాసేదేముండాది. తెలిసే ఉంటాది," అని లేచి, మూట భుజానికెత్తుకుని లోపలికి పోయాడు.

ఆ ఏడు వాన రాలేదు. వలిచిన విత్తనం చిన్నప్ప ఇంట్లోనే పుచ్చిపోయింది. ఓబులేసు ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, వదిలిపెట్టలేదు. ఎప్పటిలాగే కూలికి పోయాడు, పెట్టింది తిన్నాడు. పేరు పెట్టి మాత్రం మళ్లీ పిలవలేదు.